ఒక నూలు పక్కకి

యానాంలో, ఏటిగట్టు వెనక సందులో
కిలో ముప్ఫై రెండు చొప్పున కాటా వేసి
నా చేతిలో పెట్టారు దాన్ని.
తుప్పు తిన్న నాలుగు గొట్టాలూ, ఒక మెడా.
"ఇంకేం లేవండి దీనికి, ఆయ్.
లారీకెక్కించబోయిన ప్రతిసారీ ఎందుకో కిందే మిగిలిపోయింది"
అన్నాడు పాతినప కొట్టతను.
ఎదుర్లంక వంతెన మీద భుజానేసుకుని నడిచాను.
గొట్టంలో దూరిన గాలి
ఖాళీ సీసా మూతి మీద పిల్లాడు ఊదినట్టు
ఆ దరి దాకా ఊదుతూనే ఉంది.

పగలు నాకు పని ఉండదు.
రాత్రిళ్లు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు చూసుకుంటాను.
ఆగబోయే రెక్కని చీకట్లో చెవితోనే పట్టుకుంటాను.
బేరింగు ఏడిస్తే
ఎన్నో గుండు ఏడుస్తోందో చెప్పగలను.

కాబట్టి పోగుచేయడం మొదలెట్టాను.
పొట్టేలు కొమ్ముల్లా కిందకి వంగిన హేండిలు
ముమ్మిడివరంలో ఒకరి పెరట్లో
ఆనపపాదుకి ఊతంగా ఉంది.
కాయలు దిగేదాకా ఆగమన్నారు రత్తమాంబ గారు.
ఆగాను. మాఘం వెళ్లింది, ఫాల్గుణం వెళ్లింది.
హేండిలుతో పాటు ఒక ముదురు ఆనపకాయ కూడా ఇచ్చారు.

సీటు, పోస్టుమేన్ మట్టా సింహాద్రిది.
ఇరవై ఎనిమిదేళ్ల కూర్చోవడం
తోలు మీద రెండు గుంటలుగా దిగింది.
కొబ్బరినూనె రాసి ఎండలో పెడితే
తోలు మెత్తబడింది గానీ గుంటలు పోలేదు.
ఎడమది కాస్త లోతెక్కువ.
ఆయన ఎడంకాలు పొట్టిదని
ఊళ్లో ఎవరికీ తెలీదు.
నేనూ ఎవరికీ చెప్పలేదు.

మర దగ్గర పని ఆగిపోయింది.
పెడళ్ల ఇరుసుకి గిన్నెలు రెండూ
రాజమండ్రి నుంచి కొత్తవి తెచ్చాను.
ఎడమది రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది.
కుడిది అసలు నోరే పట్టలేదు.
అమలాపురం ఎర్రవంతెన అవతల, లేతు మిషను దగ్గర
ఖాదర్ వలీ కళ్లద్దాలు నుదుటికి నెట్టి
గొట్టంలోకి చిటికెనవేలు పోనిచ్చి తడిమాడు.
"దొరల సైకిలే. కానీ మన దొరలది కాదు,
యానాం దొరలది.
ఇక్కడ ఎడమకి తిప్పి బిగించేదాన్ని
వాళ్లు కుడికి తిప్పి బిగించుకున్నారు."

మధ్యన ఒక్క పాయ.
దానికి ఇటో మర, అటో మర.

పాత పడవ ఇంజను ఇరుసు ముక్క కోసి
గిన్నె తిప్పాడు.
ఇనపచుట్టలు నీలంగా కాళ్ల మీద పడుతున్నాయి.
స్నేహం కొద్దీ డబ్బులు వద్దన్నాడని రాయాలనుంది,
నూట ఎనభై తీసుకున్నాడు,
టీ కూడా నా చేతే తెప్పించాడు.

ఇంట్లో మాత్రం
బేరింగు గుండ్లు పప్పుడబ్బాలోకి చేరాయి.
చేటలో కందిపప్పు ఏరుతున్న మంగతాయారు
ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని
"ఇది ఉడకదు" అంది. అంతే అంది.

ముప్ఫై ఆరు చువ్వలు.
గోటితో మీటుతూ, వింటూ, బిగిస్తూ
చెరువు గట్టు మీద మూడు రాత్రులు.
లాకుల తలుపులకి వేసిన ఆకుపచ్చ రంగు
డబ్బా అడుగున మిగిలినంత.
మడ్‌గార్డుకి చాలలేదు. మడ్‌గార్డు మానేశాను.

డ్యూటీ దిగి, తెల్లారగట్ల
మొదటిసారి ఎక్కాను.
నడుం వంచితే రోడ్డు ఎంత దగ్గరో!
కాలవ నా పక్కన వెనక్కి పోతోంది,
గుర్రపుడెక్కా, బాతులూ, ఎవరిదో రేవూ,
ఉప్పుగాలి చొక్కాలో చేరి వీపు ఉబ్బింది,
నలభై ఆరేళ్లవాణ్ణి, నోరు తెరిచి ఏదో అరిచాను.

లాకుల దగ్గర మిట్టెక్కుతుంటే
చైను జారింది.

నేను మసిచేతులు చూసుకునేలోగా
స్కూలు యూనిఫారంలో ఒక పిల్ల
తన సైకిలు స్టాండు వేసి వచ్చి,
కొబ్బరీనె విరిచి, దాంతో చైను ఎత్తి,
పెడలు ఒక్క తిప్పు తిప్పింది.
వేలికి నలుపంటలేదు.
తర్వాత కూర్చుని, ఒక కన్ను మూసి,
"వెనక చక్రం ఒక నూలు పక్కకుందండీ" అంది.
ఎలా తెలుసంటే,
"మా నాన్న పడవలు కడతాడు" అని వెళ్లిపోయింది.

నేనూ ఒక కన్ను మూసి చూశాను.
ఉంది.
ఎడమకి.
జేబులో పానా ఉంది.
సైకిలు తలకిందులు చేసి
సింహాద్రి సీటుని
తడిగడ్డిలో ఆన్చాను.